బ్యాంకు చేయి ముడుచుకున్నప్పుడు

2008 మార్చి 23న హైదరాబాద్ విమానాలు బేగంపేట వదిలి శంషాబాదుకు వచ్చాయి. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే ఆ చుట్టుపక్కల భూమి చేతులు మారుతోంది. తొండుపల్లి, పాలమాకుల, మామిడిపల్లి, అటు కొత్తూరు దాకా రోడ్డుకు రెండు పక్కలా వెంచర్ల జెండాలు, సున్నం కొట్టిన హద్దురాళ్లు. ఎకరాల్లో మాట్లాడుకునే ఊళ్లు గజాల్లో మాట్లాడుకోవడం నేర్చాయి. విమానాశ్రయం తెరిచిన ఆరు నెలలకు, సెప్టెంబరు 15న, అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఎక్కడి న్యూయార్కు, ఎక్కడి తొండుపల్లి అనుకున్నవాళ్లకు దీపావళి వెళ్లేలోపే సంగతి తెలిసొచ్చింది. కొత్త లోన్లు తగ్గాయి. శాంక్షనయినవి కూడా చేతికి రావడానికి నెలలు పట్టింది.

అలాంటి రోజులు మళ్లీ వస్తాయా అన్న అనుమానం అక్కర్లేదు. 2008 తర్వాత 2010లో వచ్చాయి, 2018లో వచ్చాయి, 2020లో వచ్చాయి, 2024లోనూ చిన్న అప్పుల మీద ఆధారపడినవాళ్లకు వచ్చాయి. ప్రతిసారీ కారణం వేరు. దెబ్బ తిన్నవాళ్ల కథ మాత్రం దాదాపు ఒకటే. వాళ్లలో చాలామంది వ్యాపారం నష్టాల్లో లేదు. చేతిలో ఆస్తి ఉంది, రావలసిన బాకీలు ఉన్నాయి. గడువు ముందొచ్చింది, డబ్బు తర్వాతొచ్చింది. మనిషిని ముంచేది నష్టం కన్నా గడువే ఎక్కువ. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

తొంభై రోజుల కాగితం

విమానాశ్రయం చుట్టూ ఆ రోజుల్లో భూమి ఎలా అమ్ముడుపోయేదో ఒకసారి దగ్గరగా చూద్దాం. రైతు ఎకరం కోటి రూపాయలు చెప్పాడనుకోండి. కొనేవాడు పది లక్షలు అడ్వాన్సు ఇచ్చి స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాయించుకుంటాడు. మిగతా తొంభై లక్షలకు తొంభై రోజుల గడువు. అతని దగ్గర ఆ తొంభై లక్షలు లేవు, ఉండాల్సిన అవసరమూ లేదనుకుంటాడు. నెల తిరిగేలోపు అదే అగ్రిమెంటును కోటీ ఇరవై లక్షల లెక్కన ఇంకొకరికి చూపిస్తాడు. ఆ రెండోవాడు వెంచర్ వేసేవాడికి చెబుతాడు. వెంచర్ వేసేవాడు ప్లాట్లు కోసి, మధ్యతరగతి ఉద్యోగి దగ్గర టోకెను తీసుకుంటాడు. ఆ ఉద్యోగి బ్యాంకు లోను మీద నమ్మకం పెట్టుకున్నాడు.

ఇంత పొడవు గొలుసులో అసలు డబ్బు పెట్టాల్సింది చివరి మనిషి, అంటే అతని బ్యాంకు. బ్యాంకు లోను ఆపితే ఉద్యోగి రిజిస్ట్రేషన్‌కు రాడు. వెంచర్ వేసినవాడు రెండోవాడికి ఇవ్వలేడు. రెండోవాడు మొదటివాడికి, మొదటివాడు రైతుకు ఇవ్వలేరు. తొంభయ్యో రోజు దాటగానే అడ్వాన్సు పోతుంది. రైతు కూడా సుఖపడడు. ఆ అడ్వాన్సుతో పాటు రాబోయే తొంభై లక్షలను నమ్ముకుని ఇంకెక్కడో చేలు కొనడానికి తానూ అగ్రిమెంటు రాసి ఉంటాడు.

ఆ భూముల ధర తర్వాతి ఏళ్లలో ఎక్కడికి పోయిందో ఇవాళ ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లందరికీ తెలుసు. వాళ్ల లెక్క తప్పలేదు, తేదీ తప్పింది. ధర పెరిగే నాటికి భూమి వాళ్ల చేతిలో లేదు.

అసలు ఆ 2008 శరత్తులో బ్యాంకుల దగ్గర ఏం జరిగింది? ఆ ఏడాది వేసవి నుంచీ ధరల పెరుగుదలను అదుపు చేయడానికి రిజర్వు బ్యాంకు డబ్బును బిగించింది. బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ, రెపో రేటు, 9 శాతం. బ్యాంకులు తప్పనిసరిగా తన దగ్గర ఉంచాల్సిన నగదు నిష్పత్తి, సీఆర్‌ఆర్, ఆగస్టు చివరికి అదీ 9 శాతం. ఇంతలో లేమన్ కూలడంతో విదేశీ మదుపరులు డాలర్లు వెనక్కి తీసుకున్నారు. విదేశాల్లో చవగ్గా అప్పు తెచ్చుకునే పెద్ద కంపెనీలు ఇక్కడి బ్యాంకుల ముందు క్యూ కట్టాయి. మ్యూచువల్ ఫండ్ల నుంచి కంపెనీలు డబ్బు లాగేశాయి. అక్టోబరు రెండో వారానికి బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే అప్పు మీద వడ్డీ 20 శాతం దాకా పోయింది. తోటి బ్యాంకుకు ఒక్క రాత్రికి ఇస్తేనే అంత వడ్డీ వస్తుంటే, పదిహేనేళ్లకు సగం వడ్డీతో ఇంటి లోను ఇవ్వడానికి ఏ బ్యాంకుకు మనసొప్పుతుంది?

రిజర్వు బ్యాంకు వెంటనే దారి మార్చింది. సీఆర్‌ఆర్‌ను జనవరి నాటికి 5 శాతానికి, రెపోను 2009 ఏప్రిల్ నాటికి 4.75 శాతానికి దించింది. పేపర్లలో రోజూ అదే వార్త. అయినా మన దగ్గర లోన్లు అంత త్వరగా రాలేదు. 2009 జనవరి 7న సత్యం కంపెనీ లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడింది. ఆ కుటుంబానికే చెందిన మేటాస్ నాయకత్వంలోని బృందం హైదరాబాద్ మెట్రో కాంట్రాక్టు దక్కించుకుని ఉంది. గడువులోగా అప్పులు సమకూర్చుకోలేకపోయింది. 2009 జులైలో ప్రభుత్వం ఆ కాంట్రాక్టు రద్దు చేసింది. ఆ ఏడాది డిసెంబరు నుంచి రాష్ట్ర విభజన మీద రాజకీయ అనిశ్చితి. వడ్డీ రేటు తగ్గడం వేరు, మీకు లోను రావడం వేరు. ఆ రెంటి మధ్య ఏడాదికి పైగా గడిచిపోవచ్చు. వార్త చూసి గడువు పెట్టుకోకండి.

ఇదే శంషాబాదులో, ఇదే కాలంలో నిలబడిన సంస్థ ఒకటుంది. అది విమానాశ్రయమే. జీఎంఆర్ సంస్థ దాన్ని కట్టినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం నుంచి 315 కోట్ల రూపాయల వడ్డీలేని దీర్ఘకాలిక రుణం దొరికింది. 2017లో విదేశీ బాండ్ల ద్వారా 35 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. తిరిగి చెల్లించాల్సింది 2027లో. 2019లో మరో 30 కోట్ల డాలర్లు, ఐదేళ్ల గడువుతో. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలో ప్రయాణికుల విమానాలు ఎగరలేదు. రాబడి పడిపోయింది. కానీ ఆ రెండు నెలల్లో అసలు కట్టాల్సిన పెద్ద తేదీ ఏదీ లేదు. అదే విమానాశ్రయం పార్కింగులో నిలిచిన క్యాబ్ డ్రైవరుకు మాత్రం ఏప్రిల్ 5న ఈఎంఐ ఉంది. పెద్దవాళ్లకు దొరికే ప్రభుత్వ రుణాలు, డాలర్ బాండ్లు మనకు దొరకవు, నిజమే. కానీ దీర్ఘకాలం ఉండే ఆస్తిని తొంభై రోజుల అప్పుతో కొనకూడదన్న నియమం పాటించడానికి డాలర్లు అక్కర్లేదు.

ఎందుకు ఆగిందో ముందు కనుక్కోండి

లోను ఆగగానే చాలామంది రెండు రకాలుగా ఆలోచిస్తారు. మేనేజరు మన మీద కక్ష కట్టాడని ఒకటి, మనలోనే లోపముందని రెండోది. రెండూ చాలాసార్లు తప్పే. నాలుగు చోట్ల ఎక్కడైనా డబ్బు ఆగవచ్చు. దేశం మొత్తానికి డబ్బు బిగిసి ఉండవచ్చు, 2008లాగా. మీ రంగమంటేనే బ్యాంకులకు భయం పట్టుకుని ఉండవచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధన మారి ఉండవచ్చు. లేదా మీ ఫైలులోనే ఏదో లోటు ఉండవచ్చు.

రంగం మీద భయం ఎంత దూరం పాకుతుందో చెప్పడానికి మన రాష్ట్రం కన్నా పెద్ద ఉదాహరణలు ప్రపంచంలోనే తక్కువ. 2010 నాటికి మైక్రోఫైనాన్సుకు హైదరాబాదే రాజధాని. ఎస్‌కేఎస్, స్పందన, షేర్ లాంటి పెద్ద కంపెనీల కార్యాలయాలన్నీ ఇక్కడే. ఈ కంపెనీలు బ్యాంకుల దగ్గర తెచ్చి ఊళ్లలో మహిళలకు ఇచ్చేవి. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీలు ఇచ్చాయి. ఒకదాని కిస్తీ ఇంకొకదాని అప్పుతో కట్టడం అలవాటైంది. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు పెరిగాయి. అక్టోబరు మధ్యలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం వసూళ్లు ఆగాయి. నెలకోసారే, అదీ పంచాయతీ కార్యాలయం లాంటి చోటే కట్టించుకోవాలన్నారు. ఒత్తిడి నుంచి ఊరట కావాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ వెంటనే మన రాష్ట్రంలో వసూళ్లు కుప్పకూలాయి, బ్యాంకులు ఆ కంపెనీలకు అప్పివ్వడం ఆపేశాయి. ఆర్డినెన్సు మన రాష్ట్రానికే పరిమితం. బ్యాంకుల భయానికి ఎల్లలు లేవు.

ఎమిలీ బ్రేజా, సింథియా కిన్నన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్నే పరిశోధించి 2021లో ప్రచురించారు. మన రాష్ట్రంలో ఎక్కువ అప్పులిచ్చిన కంపెనీల మీద ఆధారపడిన ఇతర రాష్ట్రాల జిల్లాలను వాళ్లు చూశారు. అక్కడి మహిళలు కిస్తీలు సక్రమంగానే కడుతున్నారు. అయినా తర్వాతి అప్పు రాలేదు. అంతటితో ఆగలేదు, ఆ జిల్లాల్లో రోజుకూలి తగ్గింది, ఇళ్లలో ఖర్చు తగ్గింది. అప్పు తీసుకోని కూలీకి కూడా దెబ్బ తగిలింది. తనకు పని ఇచ్చే చిన్న వ్యాపారి చేతిలో డబ్బు ఆడకపోవడమే కారణం. మీరు ఒక్క రూపాయి అప్పు చేయకపోయినా ఈ అధ్యాయం మీకు పనికొస్తుంది అనడానికి ఇంతకన్నా పెద్ద రుజువు నాకు దొరకలేదు.

నిబంధన మారిన సందర్భం 2023 నవంబరు 16. హామీ లేని వ్యక్తిగత రుణాల మీద, ఫైనాన్సు కంపెనీలకు బ్యాంకులిచ్చే రుణాల మీద రిస్కు వెయిట్‌ను రిజర్వు బ్యాంకు పెంచింది. అంటే అదే అప్పు ఇవ్వడానికి బ్యాంకు తన సొంత మూలధనం ఎక్కువ పక్కన పెట్టాలి. మరుసటి ఏడాది ఫోనులో నిమిషాల్లో వచ్చే అప్పుల మీద బతికినవాళ్లకు, ఫైనాన్సు కంపెనీల దగ్గర బండి కొందామనుకున్నవాళ్లకు తేడా తెలిసింది. 2025 ఫిబ్రవరిలో ఫైనాన్సు కంపెనీలకిచ్చే రుణాల విషయంలో ఆ పెంపును వెనక్కి తీసుకున్నారు.

మీ విషయంలో ఏది జరిగిందో తెలియాలంటే మేనేజరు మాటను జాగ్రత్తగా వినాలి. ‘పైనుంచి ఇంకా రాలేదు’ అంటే నిర్ణయం ఆయన చేతిలో లేదు, ప్రాంతీయ కార్యాలయంలో ఉంది. ఆయనతో గొడవపడి లాభం లేదు, ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో అడగండి. ‘మీ సెక్టారు చూస్తున్నారు’ అంటే మీ రంగం మీద భయం. మీ ఒక్క లెక్కలు బాగున్నాయని చూపితే సరిపోదు, కొత్త హామీ గానీ ప్రభుత్వ గ్యారంటీ పథకం గానీ తేవాలి. ‘ఇంకో కాగితం కావాలి’ అని మూడోసారి అన్నారంటే మీ ఫైలులోనే ఏదో నచ్చలేదు, కానీ మొహం మీద చెప్పడానికి మొహమాటపడుతున్నారు. ‘మార్చి అయ్యాక చూద్దాం’ అన్నది మాత్రం అక్షరాలా నిజం కావచ్చు. మొహమాటం లేకుండా అడగండి: ‘సార్, కాదంటే కాదని రాసివ్వండి, కారణం చెప్పండి.’ దరఖాస్తు తిరస్కరిస్తే ముఖ్య కారణాలు రాతపూర్వకంగా తెలపాలని రిజర్వు బ్యాంకు నియమావళిలో ఉంది. ఆ కాగితం ఇంకో బ్యాంకుకు వెళ్లినప్పుడు మీకే ఉపయోగం, ఏం సరిచేయాలో అందులో ఉంటుంది.

లాభంలో ఉన్న వ్యాపారం ఆరో రోజు

విమానాశ్రయం రోడ్డు మీద ఎనిమిది కార్ల ట్రావెల్స్ ఒకటి ఊహించుకోండి. ఒక కంపెనీ ఉద్యోగులను దింపి ఎక్కించుకునే కాంట్రాక్టు. నెలకు 6 లక్షల బిల్లు, 60 రోజులకు చెల్లింపు. అంటే ఎప్పుడు చూసినా 12 లక్షలు కంపెనీ దగ్గరే ఉంటాయి. ఖర్చు: డీజిలు లక్షా 80 వేలు, డ్రైవర్ల జీతాలు లక్షా 60 వేలు, కారుకు 18 వేల చొప్పున ఈఎంఐలు లక్షా 44 వేలు, సర్వీసింగు, టోలు, ఓవర్‌డ్రాఫ్టు (ఓడీ) వడ్డీ అన్నీ కలిపి 50 వేలు. మొత్తం 5 లక్షల 34 వేలు. నెలకు 66 వేలు మిగులు. మంచి వ్యాపారమే. బ్యాంకులో 10 లక్షల ఓడీ ఉంది, అందులో 9 లక్షలు వాడేశారు.

ఇప్పుడు కంపెనీ తన ఇబ్బందుల్లో 60 రోజులను 90 చేసింది. ఒక నెల చెక్కు రాదు. ఓడీలో ఇంకా లక్ష ఉంది. రోజు ఖర్చు 17,800. లక్ష రూపాయలు ఐదు రోజులకు వస్తాయి, ఆరో రోజు గడవదు. ఓడీ రెన్యువల్ కూడా అదే నెలలో పడి, బ్యాంకు లిమిటును 10 నుంచి 5 లక్షలకు తగ్గిస్తే, వాడిన దాంట్లోంచే 4 లక్షలు తిరిగి కట్టమంటుంది. పుస్తకంలో లాభం 66 వేలు అలాగే ఉంది. ఇంధనం మాత్రం లేదు.

విమానయానం చుట్టూ బతికేవాళ్లకు ఇది మరీ దగ్గరి ప్రమాదం. ఎయిర్‌లైన్‌కు బ్యాంకు ఆపితే ఎయిర్‌లైన్ మీకు ఆపుతుంది. 2019 ఏప్రిల్‌లో అత్యవసర రుణం ఇవ్వడానికి బ్యాంకులు నిరాకరించడంతో జెట్ ఎయిర్‌వేస్ ఆ నెల 17న విమానాలు నిలిపేసింది. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో నేల మీదే ఉండిపోయింది. కింగ్‌ఫిషర్ 50 లక్షల చెక్కు చెల్లకపోవడం మీద మన విమానాశ్రయ సంస్థ వేసిన కేసులో హైదరాబాద్ కోర్టు 2016 ఏప్రిల్‌లో విజయ్ మాల్యాను దోషిగా తేల్చింది. విమానం దిగడానికి అనుమతించే సంస్థకే చెక్కు చెల్లకపోతే, క్యాటరింగుకు కూరగాయలు వేసేవాడి బిల్లు సంగతి చెప్పేదేముంది? ఒకే కొనుగోలుదారు మీద మూడో వంతుకు మించి ఆధారపడటం ఈ రోడ్డు మీద మంచిది కాదన్నది నా గట్టి అభిప్రాయం.

కాబట్టి లాభనష్టాల పుస్తకంతో పాటు ఇంకో కాగితం పెట్టుకోండి. రాబోయే పదమూడు వారాలు, సోమవారం నుంచి సోమవారానికి. ప్రతి వారం చేతికి ఖాయంగా వచ్చేది ఒక గడి, కట్టాల్సింది ఒక గడి. రావచ్చు అనుకునేది రాయకండి, ఖాయంగా వచ్చేదే రాయండి. ఏ వారంలో మిగులు సున్నా కిందికి పోతుందో అదే మీ అసలు గడువు. ఆ వారానికి నలభై రోజుల ముందు బ్యాంకుకు వెళితే మేనేజరు వింటాడు. నాలుగు రోజుల ముందు వెళితే ఆయనకూ చేయడానికేమీ ఉండదు.

డబ్బు చాలనప్పుడు ఎవరికి ముందు? ఊళ్లో బాగా అరిచేవాడికి ముందు కడతారు చాలామంది. అది తప్పు. రేపు రాబడి తెచ్చేదానికి ముందు కట్టాలి: డీజిలు, డ్రైవరు జీతం, బండి ఇన్సూరెన్సు. తర్వాత జీఎస్టీ, ఎందుకంటే మీరు కట్టకపోతే మీ బిల్లు ఆపడానికి కంపెనీకి సాకు దొరుకుతుంది. ఆపైన ఈఎంఐలు. ఎనిమిదింటికీ సగం సగం కట్టి అన్నీ పాడుచేసుకోవద్దు. రెండు కార్లు అమ్మి ఆరింటిని శుభ్రంగా నిలబెట్టుకోండి. ధర ఉండగా మీరే అమ్మాలి. బ్యాంకు వేలం వేసే నాటికి ఆ ధర ఉండదు.

ఈ సమయంలోనే గిరిగిరి వాడు తలుపు తడతాడు. లక్ష అప్పు, చేతికి 90 వేలు, రోజుకు వెయ్యి చొప్పున వంద రోజులు. వంద రోజులకు పదివేలేగా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే తిరిగి కడుతున్నారు. వంద రోజుల్లో సగటున మీ చేతిలో ఉన్నది 45 వేలే. దాని మీద పదివేలు, అంటే ఏడాది లెక్కన నూటికి 80 రూపాయలు. బిల్లు మీద 11 శాతమే మిగిలే ట్రావెల్స్‌ను 80 శాతం వడ్డీ ఏ లెక్కన నిలబెడుతుంది? ఆ అప్పుకన్నా బంగారం బ్యాంకులో తాకట్టు పెట్టడం మేలు. చీటీ పాటలో కొంత పోగొట్టుకుని అయినా ఎత్తుకోవడం మేలు. ఒక కారు అమ్మడం అన్నిటికన్నా మేలు.

కాగితం చేతిలో ఉంటే

మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ ఉందా? సూక్ష్మ, చిన్న పరిశ్రమగానో సేవల సంస్థగానో నమోదై ఉంటే, కొనుగోలుదారు 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఒప్పందంలో 90 రోజులు రాసుకున్నా చెల్లదు. ఆలస్యానికి బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు కూడా మీకు కట్టకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్నులో చూపుకునే వీలు కూడా కంపెనీకి పోతుంది. వాళ్ల అకౌంట్స్ మేనేజరుతో ఈ మాట మర్యాదగా అనండి, చాలాసార్లు ఫిర్యాదు అవసరమే రాదు. 250 కోట్లకు మించి టర్నోవరున్న కంపెనీలు ట్రెడ్స్ అనే వేదికలో చేరాలి. అక్కడ మీ బిల్లును కంపెనీ ఆమోదించిందంటే బ్యాంకు దాన్ని కొని మీకు ముందే డబ్బిస్తుంది. తర్వాత కంపెనీ కట్టకపోయినా మీ మీదికి రాదు.

టర్మ్ లోనులో కిస్తీ తప్పిన మొదటి రోజు నుంచే ఖాతా ఎస్‌ఎంఏ-0, అంటే బ్యాంకు ప్రత్యేకంగా కనిపెట్టి చూసే ఖాతా. ముప్పై రోజులు దాటితే ఎస్‌ఎంఏ-1, అరవై దాటితే ఎస్‌ఎంఏ-2, తొంభై దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఎన్‌పీఏ అయ్యాక అప్పటిదాకా బకాయిపడ్డ అసలు, వడ్డీ మొత్తం తీర్చితే తప్ప మళ్లీ మామూలు ఖాతా కాదు. మీకున్న బలమంతా మొదటి అరవై రోజుల్లోనే. 25 కోట్ల లోపు అప్పున్న చిన్న పరిశ్రమల పునరుద్ధరణకు 2015లో కేంద్రం ఒక విధానం తెచ్చింది, 2016లో రిజర్వు బ్యాంకు దానికి మార్గదర్శకాలిచ్చింది. ప్రో నిట్స్ కేసులో 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టం చేసింది. ఈ విధానం పాటించడం బ్యాంకుల బాధ్యతే, కానీ తాము ఆ పరిధిలోకి వస్తామని ఆధారాలతో ఖాతా ఎన్‌పీఏ కాకముందే చెప్పుకోవడం వ్యాపారి బాధ్యత. మౌనంగా ఉండి, సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఆస్తిని స్వాధీనం చేసుకునే చర్యలు పూర్తయ్యాక ఆ మాట ఎత్తితే వినరు. కాబట్టి ఉద్యం సర్టిఫికెట్ నకలుతో, మీ పదమూడు వారాల కాగితంతో, ఒక ఉత్తరం బ్యాంకుకు ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోండి. నోటిమాట ఎక్కడా నిలవదు.

సర్ఫేసీ నోటీసు వచ్చినా 60 రోజుల వ్యవధి ఉంటుంది. మీ అభ్యంతరానికి బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. నోటీసు తీసుకోకుండా తలుపు వేసుకోవడం అన్నిటికన్నా చెడ్డ పని.

మారటోరియం ఇస్తే ఆనందపడే ముందు లెక్క వేయండి. 2020లో మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు కిస్తీ వాయిదా ఇచ్చారు. ఆ ఆరు నెలలూ వడ్డీ నడుస్తూనే ఉంది. 6 లక్షల బాకీ మీద 12 శాతం లెక్కన 36 వేలు అసలుకు చేరాయి. చేతిలో డబ్బు లేనివాళ్లకు అది ప్రాణం పోసింది. డబ్బుండీ వాయిదా తీసుకున్నవాళ్లు ఊరికే నష్టపోయారు.

ప్లాటు కొనేవాళ్లకు రెండు మాటలు. రెరా చట్టం ప్రకారం రిజిస్టరయిన అగ్రిమెంటు లేకుండా బిల్డరు గానీ వెంచర్ వేసినవాడు గానీ పది శాతానికి మించి తీసుకోకూడదు. ఆ అగ్రిమెంటులోనే ‘బ్యాంకు లోను మంజూరు కాకపోతే అడ్వాన్సు వాపసు’ అని రాయించుకోండి. రాయనంటే ఆ ప్లాటు వదులుకోండి. 2008లో కొన్నవాళ్లకు ఈ చట్టం లేదు, మీకు ఉంది.

అంతా బాగున్న రోజుల్లో చేయాల్సింది ఎక్కువేం లేదు, కానీ చేసేవాళ్లు తక్కువ. ఓడీని ఎప్పుడూ అంచు దాకా వాడకండి, మూడో వంతు ఖాళీగా ఉంచండి. అన్ని అప్పుల రెన్యువల్ తేదీలూ ఒకే నెలలో పడకుండా చూసుకోండి. రెండో బ్యాంకులో ఒక ఖాతా నడుపుతూ ఉండండి. అవసరం పడ్డ రోజు తెరిచిన ఖాతాకు ఎవరూ లోనివ్వరు. బండి గానీ షెడ్డు గానీ కొంటే దాని ఆయుష్షుకు తగిన టర్మ్ లోనునే తీసుకోండి, ఓడీ నుంచి కొనకండి.

ఆఖరి మాట ఇంట్లోవాళ్ల గురించి. అప్పు ఆగిన విషయం భార్యకో భర్తకో తెలియకుండా మోసేవాళ్లు మన దగ్గర చాలామంది. పరువు అంటారు. 2010లో మన ఊళ్లలో పోయిన ప్రాణాలు చాలావరకు ఆ మౌనంలోనే పోయాయని నేను నమ్ముతాను. ఈ ఆదివారం శాంక్షన్ లెటర్లన్నీ బయటికి తీసి, ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరికి ఎంత, ఏ తేదీకి అన్నది ఒక కాగితం మీద రాయండి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే ముందు బ్యాంకుకు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి, వివరాలకు 14448. మనసు మరీ బరువెక్కి, ఇక చాలనిపించిన రాత్రి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బులేమీ అడగరు, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళప్పుడైనా ఎత్తుతారు.